కోడి కొయ్యని ఇంజిన్

ఆ ఇంజిన్ని చంపింది నేనే. తెలిసే చంపాను.

షాద్‌నగర్ దాటి హైవే ఎక్కిన కాసేపటికే వేడి చూపించే ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. రెండు సీట్ల మధ్య ఉన్న ఇంజిన్ మూత సందుల్లోంచి ఆవిరి కొట్టింది. కాలిన రబ్బరు వాసన వచ్చింది. నీళ్ల పైపు ఎక్కడో పగిలింది. అక్కడే పక్కకు ఆపి, చల్లారనిచ్చి, పైపుకు గుడ్డ చుట్టి నీళ్లు పోసుకుంటే ఇంజిన్ బతికేది. అద్దంలో చూశాను. వెనక వాడి మోటారు సైకిలు వస్తోంది. ఆపితే నేను పోతాను, ఆపకపోతే ఇంజిన్ పోతుంది. కాలు ఇంకా గట్టిగా అదిమాను.

వాడంటే నా మొగుడు. మొగుణ్ని వాడు అనకూడదని పెద్దవాళ్లు చెబుతారు. వాడి మడమ నా పక్కటెముకల మీద దిగుతున్నప్పుడు ఆ పెద్దవాళ్లు ఒక్కరూ వచ్చి ఆపలేదు. అందుకని ఈ రాతలో వాడు అంటే వాడొక్కడే. నా తమ్ముణ్ని తమ్ముడనే అంటాను.

ఆ పొద్దున గొడవ వ్యాను గురించే. వ్యాను మా బాపుది. ఆయన దాంట్లో పెళ్లిళ్లకు జనాన్ని తోలేవాడు. ఆయన పోయాక తమ్ముడు తాళం చెవి నా చేతిలో పెట్టి, "నాకన్న నువ్వే మంచిగ తోల్తవు, నువ్వే ఉంచుకో" అన్నాడు. నేను సీట్లన్నీ పీకించి చెక్క మంచం బిగించుకున్నాను. మంచం కింద గాజుల పెట్టెలు, మూలకు చిన్న గ్యాసు పొయ్యి, తలుపు పక్కన కుళాయి ఉన్న నీళ్ల క్యాను, కిటికీలకు అమ్మ పాత చీర. జాతర ఎక్కడుంటే అక్కడికి పోయి గాజులు అమ్మేదాన్ని. రాత్రికి దాంట్లోనే వండుకుని దాంట్లోనే పడుకునేదాన్ని. షాద్‌నగర్‌లో ఇల్లు వాడిది, వ్యాను నాది. జాతరల నెలల్లో నా ఒంటి మీద దెబ్బలు మానేవి. అది వాడికి తెలుసు.

అందుకే వ్యానును ఎవరికో ఇస్తానని మాటిచ్చి వచ్చాడు. నేను ఇవ్వనన్నాను. వాడు గాజుల పెట్టెల్ని వాకిట్లోకి విసిరి బూట్లతో తొక్కాడు. ఆ చప్పుడు ఇప్పటికీ నా పళ్లలో ఉంది. తర్వాత నన్ను కింద పడేసి తొక్కాడు. పెదవి చీలింది. వాడు ఆయాసం తీర్చుకోవడానికి కుర్చీలో కూలబడ్డప్పుడు లేచి, తాళం చెవి తీసుకుని, వ్యాను ఎక్కి బయటపడ్డాను.

పాల్మాకుల ఊరు కనబడే చోట ఇంజిన్ కడుపులో పెద్ద చప్పుడైంది. బండి ఒక్కసారి ముందుకు తూలి బిగుసుకుపోయింది. క్లచ్చు నొక్కి, ఉన్న వేగంతోనే పక్కరోడ్డులోకి దొర్లించాను. తమ్ముడి మెకానిక్ షెడ్డు ఆ రోడ్డు మీదే ఉంది. హారన్ మీద చెయ్యి తీయకుండా మోగించాను. తమ్ముడు, షెడ్డులో పెద్ద మేస్త్రీ చాచా, టీ తాగుతున్న లారీ వాళ్లు అందరూ బయటికి వచ్చారు. అంతమందిని చూసి వాడు మోటారు సైకిలు తిప్పుకుని పోయాడు.

తమ్ముడి సంగతి చెప్పాలి. మా ఇంట్లో అందరికీ చెయ్యి ముందు, మాట తర్వాత. తమ్ముడిది ఇంకా ముందు. దారివ్వలేదని ఒక లారీ డ్రైవరుకు ముందు పన్ను ఊడగొట్టి, తర్వాత అతన్నే కూర్చోబెట్టి టీ తాగించిన మనిషి. పానా సరిగ్గా అందించలేదని ఎంతమంది పనివాళ్లను తరిమాడో లెక్కలేదు. చీలిన నా పెదవి చూస్తే గడ్డపార పట్టుకుని షాద్‌నగర్ పోతాడనుకున్నాను. పోవాలని కోరుకున్నాను కూడా. అబద్ధమెందుకు.

గడ్డపార పట్టుకున్నాడు. పట్టుకుని షెడ్డు ముందున్న నీళ్ల డ్రమ్మును కొట్టడం మొదలుపెట్టాడు. డ్రమ్ము పగిలి, నడుము విరిగి, పక్కకు ఒరిగేదాకా కొట్టాడు. అత్త మీది కోపం దుత్త మీద చూపించడమంటే ఏంటో ఆ రోజు కళ్లారా చూశాను. తర్వాత ఆ బురదలోనే కూర్చున్నాడు.

"పోయి ఆని మీద చూపియ్యిరా గది" అన్నాను.

"బావ మీద చెయ్యెట్ల లేపుతనక్కా? గీ చేతులతోనే కాళ్లు కడిగిన."

నిజమే, కడిగాడు. నా పెళ్లినాటికి బాపు లేడు. కాళ్లు కడిగి పిల్లను అప్పగించాల్సిన పెదనాన్న ఏదో మాట పట్టింపుతో రాలేదు. ఇంకా మీసాలు సరిగ్గా రాని తమ్ముణ్నే పీట మీద కూర్చోబెట్టారు. ఇత్తడి తాంబాళంలో వాడి పాదాలు పెట్టించి, అమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంటే తమ్ముడు రెండు చేతులతో కడిగాడు. ఆ నీళ్లు తల మీద చల్లుకున్నాడు. కాళ్లు కడిగినవాడు ఆ కాళ్ల మనిషి మీద చెయ్యెత్తితే మా వైపు పాపమంటారు. అక్క మొగుడు తండ్రి లెక్క. ఊరంతటినీ కొట్టే తమ్ముడికి ఆ ఒక్క మనిషి మాత్రం దేవుడి పటం. వాడికి ఆ సంగతి బాగా తెలుసు కాబట్టే నన్ను ఇన్నేళ్లు నిమ్మళంగా కొట్టాడు.

సరే, నాకు ఎవరి చెయ్యీ అక్కర్లేదు, ఇంజిన్ ఒక్కటి ఉంటే చాలనుకున్నాను. వ్యాను కదిలితే నాకు ఇల్లూ ఉంది, పనీ ఉంది. కదలకపోతే ఇవాళ కాకపోతే రేపు నలుగురు పెద్దమనుషులు కూర్చుని నన్ను వాడి గడపలోకి తోస్తారు. ఈసారి లోపలికి పోతే నన్ను బయటికి మోసుకురావడమే.

చాచా పాత ఇంజిన్ విప్పాడు. లోపల పిస్టన్ ఒకటి గోడకు కరుచుకుపోయి ఉంది. చెక్క పెట్టి సుత్తితో కొట్టి కొట్టి కనెక్టింగ్ రాడ్డుతో సహా ఊడదీశాడు. ఒక చివర గుండులా పిస్టన్, దానికి మూరెడు ఇనుప పిడి. చేతికిస్తే బరువుగా, భీముడి గదలాగా ఉంది.

"గిది ఇగ పనికి రాదు బేటీ, పారెయ్యి" అన్నాడు చాచా.

నేను పారెయ్యలేదు. నన్ను ఇక్కడిదాకా తెచ్చి చచ్చిపోయిన ముక్క అది. మంచం కింద పెట్టుకున్నాను.

కందుకూరు వైపు పాత బండ్లు విప్పి అమ్మే చోట తమ్ముడు ఇంకో ఇంజిన్ వెతికి తెచ్చాడు. వెనక నుంచి ఏదో గుద్ది నలిగిపోయిన వ్యానులోది. ముందు భాగం చెక్కుచెదరలేదని చాచా దాని చుట్టూ తిరిగి, తట్టి, వాసన చూసి చెప్పాడు. దానితోపాటు ఒక నల్ల కోడిపుంజు కూడా వచ్చింది. దెబ్బ తిన్న బండిలోని ఇంజిన్ని ఇంకో బండికి ఎక్కిస్తే, మొదటిసారి తిప్పే ముందు కోడిని ఇవ్వడం మా దగ్గర రివాజు. బండి అడిగే రక్తమేదో ముందే ఇచ్చేస్తే మనిషిని అడగదని నమ్మకం. కోసేది చాచా. ఆయన బిస్మిల్లా అని కోస్తే ఆయన ఇంట్లోనూ తింటారు, మా ఇంట్లోనూ తింటారు. కాలు కట్టేసిన కోడి షెడ్డు మూల గుంజ దగ్గర నూకలు తింటూ ఎదురుచూస్తోంది.

నేనూ ఎదురుచూశాను. ఇంజిన్ పట్టడానికి వ్యాను ముందు రేకంతా విప్పేశారు. ముక్కూ నోరూ లేని ఆ బండిలోనే పడుకునేదాన్ని. దగ్గర్లోని ఎయిర్‌పోర్టుకు నెత్తి మీదుగా విమానాలు దిగుతుంటే గాజుల పెట్టెలో మిగిలిన నాలుగు గాజులూ గలగలమనేవి. తమ్ముడు ఇవాళ మంగళవారం వద్దన్నాడు. అమావాస్య పోనీ అన్నాడు. గ్యాస్కెట్ రాలేదన్నాడు. వచ్చాక, ఇది సరిపోదన్నాడు. చుట్టుపక్కల బండ్లన్నీ బాగై పోతున్నాయి, నాదొక్కటే నోరు తెరుచుకుని నిలబడి ఉంది. చాచా నా ముఖం చూడకుండా తిరుగుతున్నాడు. నాకు అనుమానం వచ్చింది గాని, తమ్ముడు కదా అని నోరు మూసుకున్నాను.

ఒక మధ్యాహ్నం షెడ్డు వెనక చేతులు కడుక్కుంటుంటే, గోడకు అవతల తమ్ముడు ఫోన్లో మాట్లాడటం వినపడింది.

"ఇంక ఎక్కియ్యలే బావా. నువ్వొచ్చి మాట్లాడేదాంక ఎక్కియ్య. బండి లేకుంటె అక్క యాడికి పోతది? జర నిమ్మలంగ రా. కోపం మీద రాకు."

నా సొంత తమ్ముడు నన్ను కాలు కట్టేసిన కోడిలాగా గుంజకు కట్టేసి, కోసేవాణ్ని నిమ్మళంగా రమ్మంటున్నాడు. గోడ చుట్టూ తిరిగి వచ్చి చెంప మీద కొట్టాను. ఫోను ఎగిరిపడింది. రెండో చెంప మీద కొట్టాను. చేతికి దొరికిన టైరు ట్యూబుతో వీపు మీద చరిచాను. చాచా అరుస్తున్నాడు. తమ్ముడు ఒక్కసారి కూడా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. చిన్నప్పటి నుంచీ అంతే, నేను కొడితే నిలబడి తింటాడు.

"సంసారం గద అక్కా. నాలుగు మాటలు మాట్లాడుకుంటె..."

"మాటలా? ఆడు మాట్లాడేది కాళ్లతోని. గా కాళ్లు నువ్వే గద కడిగి పంపినవ్."

తమ్ముడు గోడకు ఆనుకుని ఏడ్చాడు. అంత లావు మనిషి ముక్కు చీదుకుంటూ ఏడుస్తుంటే నాకు జాలి కలగలేదు. ఇంకో దెబ్బ వేయాలనిపించింది. వేశాను.

ఆ ఊపులోనే షెడ్డులోకి పోయి, ఇంజిన్ మీద కప్పిన తాడ్పత్రి పట్టా లాగి పడేశాను. పైన ఇనుప దూలానికి వేలాడుతున్న గొలుసు కప్పీ కొక్కేన్ని ఇంజిన్ చెవులకు తగిలించాను. చాచా ఒక్క క్షణం తమ్ముడి వైపు చూసి, తర్వాత వచ్చి కొక్కెం బిగించాడు. గొలుసు లాగడం మొదలుపెట్టాను. పక్కటెముకలు ఇంకా మానలేదు, లాగిన ప్రతిసారీ లోపల కత్తి తిరిగినట్టు ఉంది. ఇంజిన్ కొద్దికొద్దిగా నేల విడిచి లేచింది. దాన్ని వ్యాను నోటి ముందుకు తోసి, ఇంజిన్ కూర్చునే కింది దిమ్మెలు చూసుకుందామని సందులో చెయ్యి పెట్టాను.

"చెయ్యి తియ్యక్కా! చెయ్యి పోతది!"

తమ్ముడు పరుగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టి బయటికి లాగాడు. ఆ వెంటనే ఇంజిన్ ఊగి, నా చెయ్యి ఉన్న చోట ఇనుముకు ఇనుము తగిలింది. తమ్ముడు ముక్కు తుడుచుకుని గడ్డపార తీసుకున్నాడు.

"నువ్వు లోపలికి పో. గేర్ బాక్సు కాడ కూసోని చెప్పు, నేను ముంగట నుంచి తోస్త."

ముగ్గురం పనిలో పడ్డాం. పనికి కావాల్సిన మాటలే మాట్లాడుకున్నాం. నేను లోపల, చెప్పులు నూనెలో జారుతున్నాయని వదిలేసి, వట్టి కాళ్లతో ఇంజిన్ గుంటలో కూర్చున్నాను. జరంత ఎడమకు, జరంత పైకి అని అరుస్తున్నాను. తమ్ముడు బయట గడ్డపారతో నెడుతున్నాడు. తన కోపమంతా ఆ ఇనుము మీద పడుతోంది. చివరికి గేర్ బాక్సు కడ్డీ క్లచ్చులోకి జారి, ఇంజిన్ ధబ్బుమని దిమ్మెల మీద కూర్చుంది. ఆ చప్పుడుకు నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే వాడు వచ్చాడు. తమ్ముడు నిమ్మళంగా రమ్మన్నాడు కదా, నిమ్మళంగానే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మోటారు సైకిలు స్టాండు వేసి, వ్యానులో నూనె మరకలతో కూర్చున్న నన్ను చూసి నవ్వాడు.

"ఏం బామ్మర్ది, మొత్తానికి ఎక్కిచ్చినవా?"

తమ్ముడు తల దించుకున్నాడు. "కూసో బావా. నీళ్లు తాగు."

"నీళ్లు తర్వాత. దిగవే."

నేను పక్క తలుపు లోపల నుంచి గడియ వేశాను. ముందు వైపు ఇంజిన్ అడ్డం, డ్రైవర్ తలుపుకు ముందు నుంచే లోపల గడియ వేసి ఉంది. నిమ్మళం అక్కడితో అయిపోయింది. వాడు నేల మీది వీల్ పానా తీసుకుని కిటికీ అద్దం పగలగొట్టాడు. అద్దం ముక్కలు నా ఒళ్లో, పరుపు మీద, కాళ్ల కింద పడ్డాయి. చెయ్యి లోపలికి పెట్టి గడియ తీశాడు. అడ్డం వచ్చిన చాచాను ఒక్క తోపు తోస్తే ఆయన గోడకు కొట్టుకుని జారిపోయాడు. మూల కోడి రెక్కలు కొట్టుకుంటూ అరిచింది.

నా జుట్టు వాడి పిడికిట్లోకి పోయింది. లాగుతుంటే పాదాలతో నేలను పట్టుకోవాలని చూశాను. అద్దం ముక్కలు అరికాళ్లలో దిగాయి. నొప్పి తెలియలేదు, తడి తెలిసింది. కింద పడుతూ ఒక చెయ్యి మంచం కిందికి పోనిచ్చాను. కనెక్టింగ్ రాడ్డు దొరికింది. దాన్ని వదలకుండా బయటికి పడ్డాను.

తమ్ముడు అక్కడే నిలబడి ఉన్నాడు. చేతిలో గడ్డపార భుజం దాకా లేచి ఆగిపోయింది. మెడ మీద నరాలు ఉబ్బి, ముఖం నల్లగా అయింది. నేను తమ్ముణ్ని పిలవలేదు. పిలిస్తే రాడని తెలుసు.

"బావా, ఇడువు. నెత్తురు కారుతుంది. నీ కాళ్లు మొక్కుత, ఇడువు బావా."

"నువ్వు నడుమ రాకురా. నా పెండ్లాం, సంపుకుంట, సాదుకుంట."

గడ్డపార కింద పడ్డ చప్పుడైంది. తమ్ముడు ముందుకు వచ్చి, అన్నట్టుగానే వాడి కాళ్ల మీద పడ్డాడు. రెండు చీలమండలూ రెండు చేతులతో చుట్టి, నుదురు వాడి చెప్పుల మీద పెట్టాడు. ఛీ అనుకున్నాను. నా తల వెంట్రుకలు ఊడివస్తుంటే తమ్ముడు ఆ కాళ్లకు దండం పెడుతున్నాడా అని కడుపు మండింది.

వాడు ఒక అడుగు వెనక్కి వేయబోయాడు. వేయలేకపోయాడు.

"ఇడువురా" అన్నాడు. తమ్ముడు వదల్లేదు. "మొక్కుత బావా, మొక్కుత" అంటూ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. బిగుసుకుపోయిన నట్లను వట్టి చేతులతో తిప్పే చేతులు అవి. వాడు పాతేసిన గుంజలాగా నిలబడిపోయాడు.

నేను మోకాళ్ల మీద లేచి కొట్టాను. మొదటి దెబ్బ జుట్టు పట్టుకున్న చేతి మీద పడింది. ముంజేతి ఎముక ఎండు కట్టెలాగా టక్కుమంది. పిడికిలి విడిపోయింది. రెండోది మోకాలి చిప్ప మీద. మూడోది, తెరిచిన నోటి మీద. వాడు కూలిపోతుంటే తమ్ముడు అప్పుడు వదిలాడు. నాలుగోది కొట్టడానికి చెయ్యి ఎత్తితే చాచా వెనక నుంచి పట్టుకున్నాడు.

"బస్, బేటీ. బస్. సచ్చిపోతడు."

చచ్చిపోవాలనే ఉంది నాకు. ఆ క్షణంలో అంతకంటే తీపి కోరిక ఇంకోటి లేదు. కానీ చాచా తల వెనక నుంచి నెత్తురు కారుతోంది. రాడ్డు కింద పెట్టాను.

వాడు దుమ్ములో పడి ఏడుస్తున్నాడు. విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, "సూసినవార, మీ అక్క నన్ను గొట్టింది, సూసినవా" అని తమ్ముడికి ఫిర్యాదు చేస్తున్నాడు. తమ్ముడు వాణ్ని చంకల కింద పట్టి లేపాడు. పెదాలకు నీళ్ల చెంబు అందించాడు. "నీళ్లు తాగు బావా" అన్నాడు. ఆ మర్యాద చూస్తే నాకు మళ్లీ రాడ్డు అందుకోవాలనిపించింది. ఆటో పిలిచి, వాణ్ని జాగ్రత్తగా ఎక్కించి, చాచాను పక్కన కూర్చోబెట్టాడు.

"ఇద్దరం ఒకటే దవాఖానల కట్టు కట్టిచ్చుకుంటం" అన్నాడు చాచా తల మీద గుడ్డ అదుముకుంటూ. "నువ్వు బండి పని సూస్కో బేటీ."

వాడు పోలీసుల దగ్గరికి పోలేదు. పెండ్లాం చేతిలో తన్నులు తిన్నానని ఒకడు రాసుకోవడం, ఇంకొకడు చదవడం వాడికి నామోషీ. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం వాడి అన్నదమ్ములు గుంపుగా వస్తారనే అనుకున్నాం. పొద్దు గూకేలోపు బండి కదలాలి.

అరికాళ్లకు గుడ్డ పీలికలు చుట్టుకుని పనికి దిగాను. బోల్టులు బిగించాం. నీళ్ల పైపులు కొత్తవి వేశాం. రేడియేటర్ ఎక్కించాం. ముందు రేకు తమ్ముడు గుద్ది గుద్ది కూర్చోబెట్టాడు. డీజిల్ పంపును చేత్తో కొట్టి గొట్టాల్లో గాలి తీశాడు. పానా అడిగితే ఇస్తున్నాను, అంతే. చివరికి నేను డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం చెవి పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది కోడి.

"చాచా లేడు. మరి కోడి?" అన్నాను.

తమ్ముడు గుంజ దగ్గరికి పోయి కోడి కాలి తాడు విప్పేశాడు. "కోడెందుకిగ? ఎంత నెత్తురు సూడాల్నో అంత సూసింది బండి. తిప్పు."

తిప్పాను. మొదట దగ్గింది. నల్ల పొగ కక్కింది. రెండోసారి తిప్పితే పట్టుకుంది. సీటు కింద, వెన్నెముకలో, విరిగిన పక్కటెముకల్లో ఆ కొత్త ఇంజిన్ కొట్టుకోవడం తెలిసింది. నాకు నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. క్లచ్చు నొక్కితే కాలు జారింది. చుట్టిన గుడ్డ తడిసి ముద్దై పెడల్ మీంచి నెత్తురు బొట్లుగా పడుతోంది. కింద నిలబడ్డ తమ్ముడు అది చూశాడు.

కిటికీలోంచి చెయ్యి పెట్టి డ్రైవర్ తలుపు తీశాడు. లోపల నుంచి నా నీళ్ల క్యాను దించి, నేల మీద నూనె పట్టే ఇనుప పళ్లెం పెట్టాడు. నా రెండు కాళ్లూ బయటికి తిప్పబోయాడు. నాకు ఒళ్లు మండి ఛాతీ మీద తన్నాను. వెనక్కి పడ్డాడు. లేచి వచ్చి మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ తన్నాను. ఈసారి పడలేదు.

"ఆని కాళ్లు మొక్కిన చేతులు నాకొద్దు, తియ్యి" అన్నాను.

తమ్ముడు నా పాదం ఒళ్లో పెట్టుకుని గుడ్డలు విప్పుతూ, తల ఎత్తకుండా చెప్పాడు.

"బావ మీద చెయ్యి లేపొద్దన్నరు. కాళ్లు గట్టిగ వట్టుకోవద్దని ఎవలన్నరక్కా?"

నేను కాలు లాక్కోలేదు. ఇంజిన్ నడుస్తూనే ఉంది. తమ్ముడు క్యాను కుళాయి తిప్పి, ఒక్కో అద్దం ముక్కా గోళ్లతో తీసి, రెండు పాదాలూ వేళ్ల సందులతో సహా కడిగాడు. పళ్లెంలో నీళ్లు ఎర్రబడ్డాయి. తుండుతో తుడిచి, కొత్త గుడ్డ చుట్టి, నా కాళ్లను తనే ఎత్తి పెడళ్ల మీద పెట్టాడు. తర్వాత వంగి, పళ్లెంలో వేళ్లు ముంచి, ఆ నీళ్లు తల మీద చల్లుకున్నాడు.

"హైవే ఎక్కకు. కందుకూరు దిక్కు పో" అని తలుపు వేశాడు.